అమ్మ డబ్బా

బోధన్ దగ్గర ఒక ఊరు. చుట్టూ వరి, సోయా పొలాలు. ఒకప్పుడు అక్కడ ఎటు చూసినా చెరుకు తోటలే. నిజాం కాలంలో శక్కర్‌నగర్‌లో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీకి ఆ చెరుకు పోయేది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. చాలా ఇళ్ళల్లో మగవాళ్ళ పని పోయింది. ఆడవాళ్ళ బీడీల చాట మాత్రం ఆగలేదు.

ఆ ఊళ్లో ఒక అక్క ఉంది. వయసు 42 ఏళ్ళు. పొద్దున వంట చేసి, చాట ఒళ్ళో పెట్టుకుంటే సాయంత్రం దాకా బీడీలు చేస్తుంది. ఇంట్లో అత్త, భర్త, ఇద్దరు పిల్లలు ఉన్నారు. కేంద్రానికి పోయి ఈ మధ్యే చదవడం, రాయడం నేర్చుకుంది.

రెండేళ్ళుగా ఆమెకు నెలసరిలో రక్తం ఎక్కువ పోతోంది. మందులు వాడింది. తగ్గలేదు. గర్భసంచిలో గడ్డలు ఉన్నాయని స్కానింగ్‌లో తేలింది. ఇద్దరు డాక్టర్లకు చూపించింది. ఇద్దరూ ఆపరేషన్ చేయాలన్నారు.

ఇద్దరికి చూపించడం మంచి పని. మన తెలంగాణలో గర్భసంచి తీయించుకున్న వాళ్ళు చాలా ఎక్కువ. 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. దాని ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో, మన రాష్ట్రంలో 100 మందిలో సుమారు 8 మందికి గర్భసంచి తీశారు. దేశం మొత్తం చూస్తే 100 మందిలో సుమారు ముగ్గురికే తీశారు. అందుకే ఒక్కరి మాట మీద తొందరపడవద్దు. మందులతో తగ్గుతుందా అని అడగాలి. ఇంకొక డాక్టరు మాట కూడా వినాలి.

అక్కకు మాత్రం ఆపరేషన్ తప్పలేదు. డాక్టరమ్మ మూడు వారాల తరువాత రమ్మంది.

"నీకు రక్తం 9 గ్రాములే ఉంది. కనీసం 12 ఉండాలి. ఈ మూడు వారాలు ఐరన్ గోళీలు వేసుకో. మంచిగా తిను. మళ్ళీ పరీక్ష చేసి ఆపరేషన్ చేస్తాను" అని చెప్పింది.

పప్పు తింటే చీము పడుతుందా?

అక్క ఇంటికి వచ్చి విషయం చెప్పింది. అత్త నిట్టూర్చింది.

"కోత అయినంక పథ్యం ఉండాలె బిడ్డా. నెల రోజులు చారు, కారం మెతుకులే తినాలె. పప్పు తింటే చీము పడ్తది. గుడ్డు వేడి. పెరుగు తింటే సలువ చేస్తది. మా కాలంల గట్లనే ఉన్నం" అంది.

అక్కకు పక్కింటి వదినె గుర్తుకు వచ్చింది. పోయిన ఏడు ఆమెకు అదే ఆపరేషన్ అయింది. నెల రోజులు చారు అన్నమే తిన్నది. లేస్తే కళ్ళు తిరిగేవి. కుట్లు తొందరగా మానలేదు. కూలి పోతుందని మూడో వారమే చాట ముందు కూర్చుంది. ఆమె కోలుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

మరునాడు ఆశ కార్యకర్త వచ్చింది. అక్క ఆమెను అడిగింది. "మా అత్తమ్మ చెప్పేది నిజమేనా?"

ఆశ కార్యకర్త అత్త దగ్గర కూర్చుంది.

"పెద్దమ్మా, నిరుడు వానకు మీ వెనుక గోడ కూలింది కదా. మళ్ళీ ఎట్ల కట్టిండ్రు?"

"ఇటుకలు తెచ్చినం. మట్టి తెచ్చినం. మేస్త్రీని పిలిచినం."

"ఇటుకలు లేకుంట ఉట్టి నీళ్ళు పోస్తే గోడ లేస్తదా?"

"ఎట్ల లేస్తది?" అని అత్త నవ్వింది.

"ఒళ్ళు గూడ గంతే పెద్దమ్మా. కోసిన చోట కొత్త చర్మం రావాలె, కొత్త కండ రావాలె. దానికి ఇటుకల లెక్క కావల్సినవి మాంసకృత్తులు. అవి పప్పుల ఉన్నయి, గుడ్డుల ఉన్నయి, పాలల్ల, పల్లీలల్ల ఉన్నయి. చారు నీళ్ళల్ల ఎన్ని ఉంటయి?"

అత్త ఏమీ అనలేదు. నమ్మకం కూడా కుదరలేదు. "నేనే డాక్టరమ్మను అడుగుత" అంది.

వారం తరువాత పరీక్షకు పోయినప్పుడు అత్త కూడా వెంట పోయింది. ముందే పప్పు మాట అడిగింది. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది.

"చీము పప్పుతో పట్టదు పెద్దమ్మా. కుట్లలోకి క్రిములు పోతే పడుతుంది. చేతులు కడుక్కోకుండా కుట్లు ముడితే పడుతుంది. కుట్ల మీద పసుపు, బూడిద, ఆకు పసరు పెడితే పడుతుంది. షుగరు ఎక్కువ ఉన్నా, ఒంట్లో బలం లేకున్నా పుండు మానదు. పప్పు పెట్టండి, గుడ్డు పెట్టండి, పెరుగు పెట్టండి."

నిజామాబాద్ పసుపు దేశమంతా పోతుంది. మనకు పసుపు మీద గురి ఎక్కువ. పసుపు కూరలో వేసుకోవాలి. కుట్ల మీద మాత్రం పెట్టకూడదు.

ఎంత తినాలి? లెక్క చూద్దాం

హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఎవరు ఎంత తినాలో ఆ సంస్థ లెక్క కట్టి చెబుతుంది. 55 కిలోల బరువున్న ఆడమనిషికి రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఇది ఆరోగ్యంగా ఉన్న మనిషి లెక్క. ఆపరేషన్ అయిన మనిషికి ఇంకా ఎక్కువ కావాలి.

అక్క నోటు పుస్తకంలో ఇట్లా రాసుకుంది. అన్నీ ఒక రోజుకు:

బియ్యం పావు కిలో: 18 గ్రాములు
పప్పు 60 గ్రాములు: 13 గ్రాములు
గుడ్లు రెండు: 12 గ్రాములు
పాలు ఒక గ్లాసు: 6 గ్రాములు
పల్లీలు ఒక గుప్పెడు, 30 గ్రాములు: 7 గ్రాములు
మొత్తం: 56 గ్రాములు

చారు అన్నమే తింటే ఎంత వస్తుంది? 18 గ్రాములే. పక్కింటి వదినె ఎందుకు నీరసపడిందో అక్కకు అప్పుడు అర్థమైంది.

గుడ్డు తినని వాళ్ళు మీల్‌మేకర్ తినవచ్చు. అది సోయాతో చేస్తారు. 25 గ్రాముల మీల్‌మేకర్‌లో రెండు గుడ్లలో ఉన్నంత ఉంటుంది. బోధన్ వైపు సోయా పండించే రైతులు చాలామంది ఉన్నారు. కాని మన గిన్నెలోకి సోయా వచ్చేది తక్కువ.

కూలి ఉన్నప్పుడే సరుకు

ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు అక్క బీడీలు చేయలేదు. అప్పుడు కూలి రాదు. పప్పు కొనడానికి కూడా చేయి చాపాలి. అందుకే బట్వాడా డబ్బులు చేతికి వచ్చినప్పుడే సరుకు కొనాలని అనుకుంది. మహిళా సంఘంలో కొంత అప్పు కూడా తీసుకుంది.

రేషన్ బియ్యం ఇంట్లో ఉన్నాయి. మిగతావి పట్టీ రాసింది. నెల రోజులకు, తన ఒక్కదానికి ఇవి కావాలి:

కందిపప్పు, పెసరపప్పు కలిపి 2 కిలోలు
పల్లీలు 1 కిలో
పుట్నాలు అర కిలో
నువ్వులు అర కిలో
మీల్‌మేకర్ అర కిలో
తైదల పిండి 1 కిలో
ఉప్మా రవ్వ 2 కిలోలు
బెల్లం అర కిలో

తైదలు అంటే రాగులు. వీటిలో ఎముకలకు బలమిచ్చే సున్నం ఎక్కువ ఉంటుంది. తైదల అంబలి మెత్తగా ఉంటుంది. నోటికి రుచి లేనప్పుడు కూడా దిగుతుంది.

గుడ్లు నెలకు 60 కావాలి. అన్నీ ఒకేసారి తెస్తే ఎండకు పాడవుతాయి. వారానికి 14 తెచ్చుకుంటే చాలు. గుడ్డు మంచిదో కాదో నీళ్ళలో వేసి చూడవచ్చు. మునిగితే మంచిది. పైకి తేలితే పారేయాలి.

నాలుగు డబ్బాలు

ఆపరేషన్‌కు వారం ముందు అక్క నాలుగు డబ్బాలు కడిగి, ఎండలో ఆరబెట్టింది. తడి ఉంటే బూజు పడుతుంది. వంట మొదలుపెట్టే ముందు చాట, తునికాకు, జర్దా అవతలి అర్రలో పెట్టింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. జర్దా దుమ్ము తిండిలో పడకూడదు.

మొదటి డబ్బా సత్తుపిండి. బతుకమ్మ పండుగకు చేసుకునేదే. అర కిలో పుట్నాలు, పావు కిలో పల్లీలు, పావు కిలో నువ్వులు, పావు కిలో బెల్లం తీసుకుంది. పల్లీలు, నువ్వులు వేయించి చల్లార్చింది. అన్నీ విడివిడిగా దంచి కలిపింది. పొద్దున మూడు చెంచాలు తిని గ్లాసు పాలు తాగితే మంచి బలం. షుగరు ఉన్నవాళ్ళు బెల్లం లేకుండా చేసుకోవాలి.

రెండో డబ్బా వేయించిన ఉప్మా రవ్వ. నూనెలో ఆవాలు, కరివేపాకు, ఎండుమిరపకాయలు పోపు పెట్టింది. అందులోనే రవ్వ దోరగా వేయించింది. ఉల్లిగడ్డ, పచ్చి మిరపకాయ వేయలేదు. వేస్తే నిలువ ఉండదు. తినేటప్పుడు రెండున్నర గ్లాసుల నీళ్ళు మరగబెట్టి, ఉప్పు వేసి, ఒక గ్లాసు రవ్వ పోస్తే చాలు. ఐదు నిమిషాలలో ఉప్మా అవుతుంది.

మూడో డబ్బా కిచిడీ పొట్లాలు. ఒక్కో పొట్లంలో ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు వేయించిన పెసరపప్పు, కొంచెం జీలకర్ర, చిటికెడు పసుపు, ఉప్పు వేసి కట్టింది. ఇట్లా పది పొట్లాలు చేసింది. పొట్లం విప్పి, కడిగి, ఐదు గ్లాసుల నీళ్ళు పోసి కుక్కర్ పెట్టాలి. నాలుగు కూతలు వస్తే మెత్తని కిచిడీ అవుతుంది. కడిగితే ఉప్పు, పసుపు పోతాయి కదా అని కూతురు అడిగింది. నిజమే. అందుకని ఉప్పు, పసుపు, జీలకర్ర వేరే చిన్న కాగితంలో కట్టి పొట్లంలో పెట్టింది.

నాలుగో డబ్బా కందిపొడి. కారం తక్కువ వేసింది. వేడి అన్నంలో పొడి, చెంచా నెయ్యి కలుపుకుంటే కూర లేని పూట కూడా పప్పు ఒంటికి పడుతుంది.

రవ్వ, పొడులు రెండు వారాలకు సరిపడా చేసుకుంటే చాలు. మళ్ళీ తాజాగా చేసుకోవచ్చు. ఎట్లా చేయాలో అక్క కూతురుకు, భర్తకు పక్కన నిలబెట్టి చూపించింది.

భర్త మొదటిసారి ఉప్మా చేశాడు. ఉండలు కట్టింది. కొడుకు నవ్వాడు. రెండోసారి బాగా వచ్చింది. ఆడమనిషి పడుకుంటే పొయ్యి ఆరిపోవద్దు. అందుకే ఇంట్లో ఇంకొకరికి వంట రావాలి. అది ఆపరేషన్‌కు ముందే రావాలి.

చివరికి అక్క తెల్లకాగితం ముక్కలు తెచ్చింది. నాలుగింటి మీదా పెద్ద అక్షరాలతో "అమ్మ డబ్బా" అని రాసి, మైదా పిండితో అతికించింది.

"నువ్వు ఒక్కదానివే తింటవా?" అని కొడుకు అడిగాడు.

అక్కకు సిగ్గు అనిపించింది. ఎన్నడూ ఆమె తనకని ఏదీ దాచుకోలేదు. అందరూ తిన్నాక మిగిలిందే ఆమె తినేది. ఆ సర్వేలోనే ఇంకొక సంగతి ఉంది. మన రాష్ట్రంలో 100 మంది ఆడవాళ్ళలో 57 మందికి పైగా రక్తం తక్కువ. చివర తినే మనిషికి గిన్నెలో ఏం మిగులుతుంది? అడుగున కొంచెం అన్నం మిగులుతుంది. గుడ్డు మిగలదు.

ఇంట్లో చిన్న మార్పులు

అక్క వంట నేల మీద కూర్చుని చేసేది. ఆపరేషన్ తరువాత కొన్ని వారాలు వంగడం, గొంతుకూర్చోవడం కష్టం. భర్త గ్యాస్ పొయ్యిని బల్ల మీద పెట్టాడు. రోజూ వాడే గిన్నెలు, డబ్బాలు నడుము ఎత్తులో ఉన్న అరలో సర్దాడు. కింద ఉన్నవి తీయడానికి వంగే పని లేదు. పైన ఉన్నవి అందుకోవడానికి సాగే పని లేదు.

నిండు బిందె ఎత్తకూడదని డాక్టరమ్మ చెప్పింది. కనీసం ఆరు వారాలు బరువు మోయవద్దంది. నీళ్ళు పట్టడం కొడుకు పని అయింది. మంచం దగ్గర చెంబు, గ్లాసు పెట్టారు.

ఆపరేషన్ రోజు, తరువాత

ఆపరేషన్‌కు ముందు ఎన్ని గంటల నుంచి తినకూడదో, తాగకూడదో ఆసుపత్రిలో చెబుతారు. ఆ మాట తప్పకూడదు. పాపం ఆకలి అవుతుందని కొందరు చాటుగా ఛాయ్, బిస్కెట్లు ఇస్తారు. అది చాలా ప్రమాదం. మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణం మీదికి వస్తుంది.

ఆపరేషన్ తరువాత కూడా డాక్టరు చెప్పినప్పుడే తినిపించాలి. మొదట నీళ్ళు, పలచని అంబలి లాంటివి. తరువాత ఇడ్లీ, మెత్తని అన్నం. ఆ తరువాత అన్నీ తినవచ్చు.

ఇంటికి వచ్చాక అక్క ఒకేసారి కడుపు నిండా తినలేకపోయింది. అందుకని కొంచెం కొంచెం ఐదారుసార్లు తిన్నది. గోడకు ఉన్న క్యాలెండర్ మీద రోజూ గీతలు పెట్టింది. గుడ్డు తింటే ఒక గీత. పప్పు తింటే ఒక గీత. పాలు తాగితే ఒక గీత. గీత లేని రోజు కూతురు ఊరుకోలేదు.

మలబద్ధకం రాకుండా చూసుకోవాలి. ముక్కితే కుట్ల మీద బరువు పడుతుంది. అందుకే నీళ్ళు బాగా తాగాలి. బీరకాయ, సొరకాయ, ఆకుకూరలు, జామపండు తినాలి. ఐరన్ గోళీలతో మలం నల్లగా వస్తుంది. దానికి భయపడవద్దు. గోళీ వేసుకునేటప్పుడు ఛాయ్ తాగవద్దు. ఛాయ్ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్ళు తాగితే బాగా పడుతుంది.

బలమైన తిండి తిని పడుకుంటే సరిపోదు. రోజూ ఇంట్లోనే మెల్లగా నడవాలి. కదలకుండా పడుకుంటే కాళ్ళల్లో రక్తం గడ్డకట్టవచ్చు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి పోవాలి:

జ్వరం, చలి
కుట్ల దగ్గర ఎరుపు, వాపు, చీము, చెడు వాసన
రక్తం ఎక్కువ పోవడం
ఒక కాలి పిక్క వాపు, నొప్పి
ఊపిరి ఆడకపోవడం
ఆగని వాంతులు

ఈ పద్ధతి గర్భసంచి ఆపరేషన్‌కే కాదు. 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 100 కాన్పులలో 60 దాకా కడుపు కోసి చేసినవే. ఆ తల్లి తాను కోలుకోవాలి. బిడ్డకు పాలు ఇవ్వాలి. ఆమెకు ఇంకా ఎక్కువ తిండి కావాలి. బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇచ్చే ఆరోగ్యలక్ష్మి పథకం 2015లో మొదలైంది. అది అడిగి తీసుకోవాలి. అయితే కాన్పు తేదీ దగ్గర పడే దాకా ఆగవద్దు. ఎనిమిదో నెలలోనే డబ్బాలు నింపుకోవాలి.

అత్త మాట

రెండో వారం చుట్టాలు చూడవచ్చారు. వాళ్ళ పిల్లలు సత్తుపిండి డబ్బా చూశారు. అక్క అలవాటుగా "పెట్టు అత్తమ్మా" అంది.

అత్త పిల్లలకు అటుకులు, బెల్లం పెట్టింది. సత్తుపిండి డబ్బా మూత గట్టిగా వేసి అరలో పెట్టింది.

"ఇది మా కోడలుది. దాని మీద రాసి ఉన్నది చూడుండ్రి" అంది.

అత్తకు చదువు రాదు. ఆ రెండు మాటల ఆకారం మాత్రం ఆమెకు గుర్తే.

ఆరు వారాల తరువాత అక్క మళ్ళీ ఆసుపత్రికి పోయింది. కుట్లు మంచిగా మానాయి. రక్తం కొంచెం పెరిగింది. చాట ముందు ఎప్పుడు కూర్చోవచ్చో డాక్టరమ్మను అడిగి తెలుసుకుంది. మొదట్లో గంటకోసారి లేచి నడుస్తూ, సగం పనే చేసింది.

డబ్బాలు ఖాళీ అయ్యాయి. కడిగేటప్పుడు కాగితాలు ఊడిపోతాయని అత్త పైపైన తుడిచింది.

"మళ్ళ నింపు బిడ్డా. కోత ఉన్నప్పుడే తినాల్నా?" అంది.

చదివారు కదా. ఇప్పుడు చర్చించండి

1. మీ ఇంట్లో ఆపరేషన్ తరువాత ఏమేమి తినవద్దంటారు? ఎందుకు అంటారు?
2. చీము ఎందుకు పడుతుంది?
3. మీ ఇంట్లో చివర తినేది ఎవరు? నిన్న రాత్రి వాళ్ళు ఏం తిన్నారు?

చేయండి

1. నిన్న మీరు తిన్నవి రాయండి. పైన ఉన్న లెక్క చూసి మాంసకృత్తులు ఎన్ని గ్రాములు వచ్చాయో కూడండి.
2. ఒక వారానికి 14 గుడ్లు. ఆరు వారాలకు ఎన్ని?
3. ఒక కాగితం మీద మీ పేరు పెద్ద అక్షరాలతో రాయండి. ఇంట్లో ఒక డబ్బాకు అతికించండి. అందులో ఏం పెట్టుకుంటారో మీరే ఆలోచించండి.